పొట్ట చూసి నవ్వే ఆట కాదు

సుమో అనగానే మన దగ్గర చాలామందికి మొదట గుర్తొచ్చేది బొజ్జ. టీవీ కామెడీ షోల్లో గాలి నింపిన డ్రెస్సులు వేసుకుని ఇద్దరు ఢీకొట్టుకోవడం, జనం పడీపడీ నవ్వడం ఎన్నోసార్లు చూశాం. ఆ నవ్వులో చెడు ఉద్దేశం లేకపోవచ్చు. కానీ దానివల్లే ప్రపంచంలోని గొప్ప మల్లవిద్యల్లో ఒకదాన్ని సరిగ్గా చూడకుండానే పక్కన పెట్టేశాం. 2025 అక్టోబరులో జపాన్ మల్లులు లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఐదు రోజులు తలపడ్డారు. 1991 తర్వాత వాళ్లు మళ్లీ అక్కడికి రావడం అదే మొదటిసారి. ఆ నగరం వాళ్లను వింతగా కాక క్రీడాకారులుగా చూసింది. తెలుగు ప్రేక్షకులు కూడా అలాగే చూడాలని మా కోరిక.

నియమాలు ఐదేళ్ల పిల్లలకు చెప్పినా అర్థమవుతాయి. 4.55 మీటర్ల వ్యాసం ఉన్న మట్టి గోదా. దాని అంచు దాటి అడుగు పడితే ఓటమి. లోపల ఉండగానే పాదాలు తప్ప ఒంట్లో మరే భాగం నేలకు తగిలినా ఓటమే. పిడికిలితో గుద్దకూడదు, జుట్టు పట్టి లాగకూడదు. బాక్సింగ్‌లో, జూడోలో బరువు చూసి జత కడతారు. ఇక్కడ ఆ లెక్కే లేదు, వంద కిలోలవాడికి రెండొందల కిలోలవాడు ఎదురురావచ్చు. చాలా పోటీలు కొన్ని సెకన్లలో తేలిపోతాయి. ఇంతేనా అని కొత్తవాళ్లకు అనిపించేది ఇక్కడే.

అసలు విషయమంతా ఆ సెకన్లలోనే ఉంది. పోటీ మొదలు పెట్టడానికి విజిల్ ఊదేవాళ్లు ఉండరు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, చేతులు నేలకు ఆనించి, ఒకరి ఊపిరి ఒకరు పట్టుకుని, ఒకే క్షణంలో లేవాలి. గెలుపోటములను బట్టి కట్టిన తరగతుల్లో అన్నిటికంటే పైదానిలో ఇందుకు నాలుగు నిమిషాల వ్యవధి ఇస్తారు. ఆ నాలుగు నిమిషాలూ ఉప్పు చల్లుతారు, కూర్చుంటారు, కళ్లలోకి చూస్తారు, మళ్లీ లేచి వెళ్లిపోతారు. హాల్లో టెన్షన్ పెరుగుతూ ఉంటుంది. తర్వాత వచ్చే ఆ మొదటి తాకిడిని తచియాయ్ అంటారు. నడుము ఎవరిది కిందికి ఉంది, చేయి ఎవరిది లోపలికి దూరింది, తల ఏ వైపు పెట్టారు అన్నది అక్కడే నిర్ణయమవుతుంది. నడికట్టు మీద పట్టు దొరికితే ఒక రకం ఆట, దొరక్కుండా అరచేతులతో నెట్టుకుంటూ పోతే ఇంకో రకం. రెండింటిలోనూ పాదం నేలను రాసుకుంటూనే కదలాలి. కాలు పైకి లేచిందా, ఆ క్షణమే పడిపోయే ప్రమాదం. గెలుపు పట్లు అధికారికంగా 82 ఉన్నాయి. గోదా అంచున ఉన్న గడ్డి కట్ట మీద మడమలు ఆనించి, వెనక్కి విల్లులా వంగి, నెట్టుకొచ్చిన వాడినే పక్కకు విసిరేసే పట్టు ఒకటుంది. స్లో మోషన్‌లో దాన్ని ఒక్కసారి చూసినవాళ్లెవరూ సుమోను బరువుల ఆట అనరు.

బరువుకు విలువ లేదని కాదు. పై తరగతి మల్లుల సగటు బరువు 160 కిలోల దగ్గర ఉంటుంది. కానీ బరువొక్కటే సరిపోయి ఉంటే హవాయి నుంచి వచ్చిన కొనిషికి అత్యున్నతమైన యోకోజునా హోదా దాకా వెళ్లాలి. 280 కిలోలు దాటిన ఆ మహాకాయుడు మూడు టైటిళ్లు గెలిచి కూడా రెండో హోదా అయిన ఓజెకి దగ్గరే ఆగిపోయాడు. అదే కాలంలో సుమారు 120 కిలోల చియోనోఫుజి 31 టైటిళ్లు గెలిచాడు. మొదట్లో అతడి భుజం మాటిమాటికీ స్థానం తప్పేది. కండలు పెంచి ఆ కీలును నిలబెట్టుకున్నాడు. ఇక మైనోఉమి. చేరడానికి కావలసిన ఎత్తు చాలక నెత్తి మీద చర్మం కింద సిలికోన్ ఎక్కించుకున్న మనిషి. 1991 నవంబరులో అతడు, రెండు మీటర్ల పైన ఎత్తు, దాదాపు రెట్టింపు బరువు ఉన్న అకెబోనోతో తలపడ్డాడు. లోపలికి దూరి, ఒక కాలికి తన కాలు మెలిపెట్టి, రెండో కాలిని చేత్తో పట్టుకుని, తలతో గుండె మీద నెట్టి పడగొట్టాడు. సుమో గురించి ఏమీ తెలియని వాళ్లకు ముందుగా చూపించాల్సింది ఆ పోటీనే అంటాం.

ఈ నైపుణ్యం వెనక ఉన్న జీవితం కఠినమైనది. మల్లులు గురువు దగ్గర, ఆయన నడిపే వసతిలోనే ఉంటారు. తెల్లవారకముందే ఖాళీ కడుపుతో సాధన మొదలు. కాలు పక్కకు ఎత్తి నేల అదిరేలా దించే షికో వందలసార్లు చేయాలి. రెండు కాళ్లూ బార చాచి ఛాతీ నేలకు ఆనించాలి. ఆ శరీరాలు అంత సాగడం చూస్తే మన యోగా గురువులు కూడా మెచ్చుకుంటారు. నెలజీతం వచ్చేది పై రెండు తరగతుల్లోని 70 మందికే. మిగతా వందల మంది వంట చేస్తూ, ఊడుస్తూ, పెద్దవాళ్లకు సేవ చేస్తూ ఎదురుచూస్తారు. పై తరగతుల్లో 15 రోజుల టోర్నీలో ఎనిమిది గెలిస్తే పైకి, ఏడే గెలిస్తే కిందికి. ఏడాదికి ఆరు టోర్నీలు, ఆరుసార్లు ర్యాంకులు మారతాయి. యోకోజునాకు మాత్రం దిగజారడం ఉండదు. ఆ స్థాయిలో ఆడలేకపోతే తప్పుకోవడం ఒక్కటే దారి.

తెరునోఫుజి కథ చెప్పకుండా ఈ మాట ముగించలేం. మంగోలియాలో పుట్టిన ఇతడు 2015లో ఓజెకి అయ్యాడు. తర్వాత మోకాళ్లు దెబ్బతిన్నాయి, మధుమేహం పట్టుకుంది. 2019 నాటికి కింది నుంచి రెండో తరగతికి పడిపోయాడు. మానేస్తానని గురువును అడిగితే ఆయన ఒప్పుకోలేదు. ఒకప్పుడు తన ముందు తల వంచుకుని నిలబడిన కుర్రాళ్లతో తలపడుతూ మళ్లీ మెట్లెక్కాడు. 2020 జులైలో టైటిల్ గెలిచాడు, 2021లో యోకోజునా అయ్యాడు. అంత కిందికి దిగిన ఓజెకి ఎవరూ అంతకు ముందు తిరిగి పైకి రాలేదు. ఇప్పుడు ఆ గోదా మీద కొత్త ముఖాలు వచ్చాయి. 2025 నవంబరు టోర్నీ విజేత అవోనిషికి, యుద్ధంతో నలిగిన ఉక్రెయిన్ వదిలి వచ్చిన యువకుడు.

మాకు అన్నిటికంటే నచ్చేది గెలిచినవాడి ప్రవర్తన. చేతులు ఊపడు, అరవడు. పడినవాడికి చేయందిస్తాడు, వంగి నమస్కరిస్తాడు, కూర్చుని బహుమతి కవర్లు అందుకుని వెళ్లిపోతాడు. ఓడినవాడి ముందు సంబరం చేసుకోవడం తప్పని అక్కడ చిన్నప్పుడే నేర్పుతారు. వికెట్ పడగానే ప్రత్యర్థి మొహం మీదకు వెళ్లి కేకలు పెట్టడాన్ని దూకుడని మెచ్చుకునే మన క్రికెట్ వ్యాఖ్యాతలు ఈ పద్ధతిని కాస్త గమనించాలి. మట్టిని మొక్కి గోదాలో దిగడం, వస్తాదు మాట జవదాటకపోవడం హైదరాబాద్ పాతబస్తీ తాలింఖానాల్లో కుస్తీ పట్టినవాళ్లకు కొత్త విషయం కాదు. వాళ్లకు సుమో తొందరగా అర్థమవుతుంది. చూడాలంటే జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వరల్డ్ టోర్నీ రోజుల్లో ముఖ్యాంశాలను ఇంగ్లిష్‌లో ఉచితంగా ఇస్తోంది.

ఇంత ఇష్టపడుతున్నాం కాబట్టే తప్పులను కూడా దాచం. 2007లో 17 ఏళ్ల శిష్యుడు సాధన పేరుతో జరిగిన హింసకు బలయ్యాడు. గురువు జైలుకు వెళ్లాడు. 2011లో ముందే మాట్లాడుకుని ఓడిపోయే వ్యవహారం బయటపడి మార్చి టోర్నీయే రద్దయింది. 2021 మార్చిలో తలకిందులుగా పడిన ఒక మల్లుడు కదలకుండా ఉండిపోయాడు. వెంటనే వైద్యసాయం అందలేదని విమర్శలు వచ్చాయి. నెల దాటాక అతడు ఆస్పత్రిలో చనిపోయాడు. సంప్రదాయం పేరు చెప్పి వీటిలో దేన్నీ సమర్థించలేం. గోదా పక్కనే డాక్టర్ ఉండాలి, తల అదిరినవాడిని మళ్లీ ఆడనివ్వకూడదు, శిష్యుల వసతి గృహాలపై బయటివాళ్ల నిఘా ఉండాలి.

మహిళల విషయంలో మా అభ్యంతరం ఇంకా గట్టిది. 2018 ఏప్రిల్‌లో మైజురు పట్టణంలో గోదా మీద మాట్లాడుతూ మేయర్ కుప్పకూలితే, ప్రాణం కాపాడటానికి పరుగెత్తిన మహిళలను దిగిపొమ్మని మైకులో చెప్పారు. గోదా పవిత్రమట, స్త్రీలు అడుగు పెట్టకూడదట. సుమో సంఘం తర్వాత క్షమాపణ చెప్పింది, నియమాన్ని మాత్రం అలాగే ఉంచింది. అమెచ్యూర్ సుమోలో మహిళలు ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో పోటీపడుతున్నారు. వాళ్ల పట్లూ అవే, వాళ్ల చెమటా అదే. టోక్యోలోని ప్రధాన సుమో మందిరమైన కొకుగికాన్ గోదా మీదకు కూడా వాళ్లను రానివ్వాలి.