ఏ పనికి ఇచ్చామో ఆ పనికే

అర్ధరాత్రి పిల్లాడికి జ్వరం. డాక్టరుతో వీడియోలో మాట్లాడదామని ఫోన్‌లో ఓ యాప్ వేసుకుంటాం. తెరవగానే మీ కాంటాక్టులు చూడొచ్చా అని అడుగుతుంది. ఆ టెన్షన్‌లో ఎవరు చదువుతారు? ఓకే నొక్కేస్తాం.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం-2023లో దాదాపు ఇలాంటి ఉదాహరణే ఉంది. వైద్య సలహాకు కాంటాక్టుల జాబితాతో పనిలేదు. కాబట్టి రెండిటికీ ఒప్పుకున్నా ఆ సమ్మతి వైద్యం వరకే చెల్లుతుందంటుంది చట్టం. నా దృష్టిలో ఈ చట్టానికి ప్రాణం ఇదే. ఏ పనికి అడిగారో దానికి కావలసినంతే తీసుకోవాలి, దానికే వాడాలి, పనైపోయాక చెరిపేయాలి. చట్టప్రకారం దాచాల్సింది ఏదైనా ఉంటే అది వేరు. సమ్మతిని ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లిషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకోవచ్చు. అంటే తెలుగులో చూపించమని అడగొచ్చు. అడగాలి కూడా.

ఇక్కడిదాకా రావడానికి చాలా కాలమే పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చింది. 2019లో తెచ్చిన డేటా పరిరక్షణ బిల్లును 2022లో వెనక్కి తీసుకున్నారు. 2023లో చట్టం వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలకు మాత్రం మరో 18 నెలల గడువిచ్చారు.

తగిన భద్రత పాటించక డేటా లీకైతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఆ డబ్బు వెళ్లేది భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ప్రభుత్వ ఖజానాకి. లీకైన వివరాలతో ఎవరో బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తే, పోగొట్టుకున్న మనిషికి అందులోంచి పైసా రాదు. పైగా నిర్లక్ష్యం చేసిన కంపెనీ నుంచి పరిహారం కోరడానికి ఐటీ చట్టంలో ఉన్న 43ఏ సెక్షన్‌ను ఈ చట్టమే తీసేస్తోంది. ఇది మాత్రం నాకు మింగుడుపడటం లేదు. నష్టపోయింది ఒకరు, జరిమానా డబ్బు ఇంకొకరికి!

ప్రభుత్వానికి దక్కిన వెసులుబాటు ఇంకా పెద్దది. దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో కేంద్రం తాను ఎంచుకున్న ప్రభుత్వ సంస్థలను మొత్తం చట్టం నుంచే తప్పించవచ్చు. వాటి దగ్గర మన వివరాలు ఎందుకు, ఎన్నాళ్లు ఉంటాయని ఈ చట్టం పట్టుకుని అడగలేం. ఫిర్యాదులు విచారించే డేటా పరిరక్షణ బోర్డు సభ్యులను నియమించేదీ కేంద్రమే.