మా మేనకోడలికి ఎంసెట్ చాలట

ఇప్పుడే కాలేజీ నుంచి వచ్చాను. అన్నం ముందు పెట్టుకున్నా ముద్ద దిగడం లేదు, అందుకే ఇది రాస్తున్నా. మా అక్క కూతురు నల్గొండలో ఒక ప్రైవేట్ కాలేజీలో ఇంటర్ ఫస్ట్ ఇయర్ ఎంపీసీ చదువుతోంది. పదో తరగతి కనగల్ వైపు ఊళ్లో జిల్లా పరిషత్ స్కూల్లోనే చదివి 600కి 548 తెచ్చుకుంది. జూన్‌లో చేర్చుకునేటప్పుడు స్పెషల్ బ్యాచ్ అన్నారు, ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల కోసం రాసే జేఈఈ, మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ సీట్ల కోసం రాసే ఎంసెట్ రెండూ కలిపి చెప్తామన్నారు, మామూలు ఫీజు మీద ఇంకో 15 వేలు కట్టించుకున్నారు. ఈ రోజు పేరెంట్స్ మీటింగ్‌కి పోతే తెలిసింది, దసరా సెలవులు అయిపోగానే పిల్లను మామూలు సెక్షన్‌లోకి మార్చేశారని. ఇంటికి ఒక ఫోన్ లేదు, మెసేజ్ లేదు. పిల్ల కూడా నాన్న తిడతాడేమోనని భయపడి ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు మార్చారు సార్ అని అడిగా. డీన్ అనే ఆయన కంప్యూటర్‌లో నుంచి తల కూడా ఎత్తకుండా, "వీక్లీ టెస్టుల్లో యావరేజ్ పడిపోయిందండీ. అయినా మీ అమ్మాయికి ఎంసెట్ చాలు, జేఈఈ ఎందుకు? ఆడపిల్ల, దగ్గర్లో ఏదో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీటొస్తే సరిపోతుంది కదా" అన్నాడు. ఇంకొకటి కూడా చెప్పాలి. నన్ను సార్ అన్నాడు, నా పక్కనే నిలబడ్డ మా బావను మాత్రం "ఏమయ్యా, నువ్వేమంటవ్?" అన్నాడు. మా బావ తోట నుంచి నేరుగా వచ్చాడు, కాళ్లకు మట్టి ఉంది, అంతే తేడా. ఫీజు కట్టింది ఆయన. "మీరెట్లంటే అట్లే సార్" అని తల ఊపి బయటికి వచ్చాడు. మెట్ల మీద నాతో, "ఏం జేస్తం తమ్ముడూ, పెద్ద సదువులు సదివినోళ్లు, వాళ్లకు దెల్వదా" అన్నాడు. నాకు డీన్ మాట కంటే ఈ మాటే ఎక్కువ కాలింది.

చేరినప్పుడు వీళ్లిచ్చిన రెండేళ్ల ప్లాన్ కాగితం ఇప్పుడు నా ముందే ఉంది. మందపాటి మెరిసే కాగితం. పైన సగం పోయినేడాది ర్యాంకర్ల ఫొటోలు, కింద సగం రంగు రంగు గళ్లు. జూన్ నుంచి అక్టోబర్ దాకా ఫస్ట్ ఇయర్ సిలబస్ పూర్తి. నవంబర్ నుంచి సెకండ్ ఇయర్ మొదలు. బోర్డు పరీక్షలకు రివిజన్. ఎండాకాలం సెలవుల్లో మళ్లీ క్లాసులు. సెకండ్ ఇయర్ జనవరిలో జేఈఈ మెయిన్ మొదటి విడత, ఏప్రిల్‌లో రెండో విడత, ఆ తర్వాత ఎంసెట్. చూడటానికి చాలా బాగుంది. అన్నిటికంటే కింద, చీమ తలకాయంత అక్షరాలతో ఒక లైన్ ఉంది: ఈ ప్రణాళిక స్పెషల్ బ్యాచ్‌లకు మాత్రమే. మరి మామూలు సెక్షన్‌కు ప్లాన్ ఏది అని అడిగా. "వాళ్లకు బోర్డు పరీక్షకు చెప్తాం సార్, చివర్లో ఎంసెట్ క్రాష్ కోర్స్ పెడతాం" అన్నాడు.

క్రాష్ కోర్సుతో అయ్యే పనేనా ఇది? ఎంసెట్ (2024 నుంచి ఈఏపీసెట్ అని పేరు మార్చారు, మన నోళ్లలో మాత్రం ఎంసెటే) 160 ప్రశ్నలు, మూడు గంటలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఆ ప్రశ్నలు ఫస్ట్ ఇయర్, సెకండ్ ఇయర్ రెండింటి సిలబస్ నుంచీ వస్తాయి. ఒకప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది, బోర్డు పరీక్షలు బాగా రాసిన పిల్లకు అదొక ఆసరా. 2023లో దాన్ని పూర్తిగా తీసేశారు. ఇప్పుడు ర్యాంకంతా ఆ మూడు గంటల్లోనే. అంటే ఫస్ట్ ఇయర్‌ను ఎంట్రన్స్ కోణంలో చెప్పకుండా వదిలేసిన పిల్ల సగం పరీక్షను ముందే పోగొట్టుకున్నట్టు. పైగా మ్యాథ్స్‌లో వన్ బీ (ఫస్ట్ ఇయర్ రెండో పేపర్)లో స్ట్రెయిట్ లైన్స్ సరిగ్గా రాకపోతే టూ బీ (సెకండ్ ఇయర్ రెండో పేపర్)లో సర్కిల్స్ ఎట్లా వస్తాయి? డిఫరెన్షియేషన్ పైపైన చెప్పి వదిలేస్తే రేపు ఇంటిగ్రేషన్ దేని మీద నిలబడుతుంది? రొటేషనల్ మోషన్, ఆసిలేషన్స్ లాంటి కష్టమైన చాప్టర్లన్నీ ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్‌లోనే ఉన్నాయి. పదిహేనేళ్ల పిల్ల పల్లెటూరి స్కూల్ నుంచి వచ్చి, హాస్టల్‌లో మొదటిసారి ఉంటూ, ఇంగ్లిష్‌లో లెక్చర్ వింటూ, నాలుగు నెలల్లో నాలుగు టెస్టుల్లో మార్కులు తగ్గితే ఆ పిల్లను ఇంకా దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాలి. వీళ్లు సీనియర్ లెక్చరర్లు రాని సెక్షన్‌కు పంపించారు. అక్కడ మ్యాథ్స్ చెప్పే ఆయన పోయినేడాదే చదువు అయిపోయి వచ్చాడట. ఆయన తప్పేం లేదు, ఆయనకు ఇచ్చే జీతం ఎంతో మనకు తెలియనిదా.

మార్కులు ఒకసారి చూపించండి, పేపర్లు చూడాలి అన్నా. "కంప్యూటర్ ఇచ్చిన మార్కులు సార్, తప్పుండదు" అన్నాడు. ఈ మాట మాత్రం తెలంగాణలో ఎవరూ అనకూడదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు ఎట్లా వచ్చాయో అప్పుడే మర్చిపోయారా? తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి సున్నా వేశారు. పరీక్ష రాసినవాళ్లను రాయలేదని చూపించారు. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు ఆ కొన్ని రోజుల్లో. ఆ వారం మా వీధిలో ఒక తల్లి రాత్రంతా కూతురి మంచం పక్కనే కూర్చుంది, పిల్ల ఏం చేసుకుంటుందోనని. అది చూసినవాణ్ని నేను. కంప్యూటర్‌లో తప్పుండదంటే నాకు ఒళ్లు మండుతుంది. తప్పుంటుంది. పేపర్ చూపించాల్సిందే.

గడియారం సెంటర్ దగ్గర నాది నెట్ సెంటర్. ఎంసెట్, జేఈఈ, నీట్, డిగ్రీ సీట్ల దోస్త్, అన్ని అప్లికేషన్లూ నా చేతుల మీదుగానే పోతాయి. అందుకే ఈ సెక్షన్ల సంగతి నాకు బాగా తెలుసు. జనవరి జేఈఈ మెయిన్ ఫారం కొన్నేళ్లుగా అక్టోబర్ ఆఖరు, నవంబర్‌లో నడుస్తోంది. డిసెంబర్‌లో సెకండ్ ఇయర్ పిల్లలు నా దగ్గరికి వచ్చి "అన్నా, జేఈఈ ఎప్పుడు పడుతుంది" అని అడుగుతారు. పడింది, పోయింది తమ్ముడూ అని చెప్తే ఆ ముఖం చూడలేం. రెండు విడతలు రాస్తే మంచి స్కోరే లెక్కలోకి తీసుకుంటారు, ఒక అవకాశం ఉత్త పుణ్యానికి పోయింది. ఏ సెక్షన్ అని అడిగితే మామూలు సెక్షనే. వాళ్లకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. సర్టిఫికెట్ల గోస ఇంకోటి. మన బీసీ సర్టిఫికెట్ పెడితే జేఈఈలో పనికిరాదు, కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ ఆ సంవత్సరం ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్ కూడా అంతే. మీ సేవలో పెట్టి తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగేసరికి ఎన్ని రోజులు పడుతుందో ఊళ్లో ఉన్నవాళ్లను అడగండి. ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఇంకో పేరు ఉన్నవాళ్ల సంగతి సరే సరి. రెండేళ్ల ప్లాన్ అంటే ఇవన్నీ ఉండాలి. ఫస్ట్ ఇయర్‌లోనే తల్లిదండ్రులను పిలిచి, తెలుగులో, నెమ్మదిగా చెప్పాలి. ఐఐటీ, ఎన్‌ఐటీ కావాలంటే జేఈఈ ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతం ఉండాలని, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలని, ఎస్సీ ఎస్టీలకు 65 శాతమని, ఐఐటీల కోసం మెయిన్ తర్వాత ఉండే అడ్వాన్స్‌డ్ రాయడానికి వరుసగా రెండేళ్లలో రెండుసార్లే అవకాశమని, ఇవేవీ ఆ మీటింగ్‌లో ఒక్కరు చెప్పలేదు. మీటింగ్ అంతా రెండో టర్మ్ ఫీజు గురించే.

డబ్బు సంగతికి వస్తే, ఎంసెట్ చాలు అని తేలిగ్గా అన్నాడు కదా, ఆ ఎంసెట్‌లో అయినా ర్యాంకు ఎంత ముఖ్యమో ఆయనకు తెలియదా? మా వాళ్లు బీసీలు. పదివేల లోపు ర్యాంకు వస్తే కాలేజీ ఫీజు మొత్తం రీయింబర్స్‌మెంట్ కింద వస్తుంది. పదివేలు దాటితే 35 వేలు మాత్రమే, మిగతాది బత్తాయి అమ్మి కట్టాలి. హైదరాబాద్‌లో పేరున్న కాలేజీల ఫీజులు ఎంతున్నాయో చూస్తున్నాం. నాలుగేళ్లకు ఆ తేడా మా బావ తోట మీద ఎన్ని పంటలకు సమానమో లెక్కేయండి. ఏ సెక్షన్‌లో కూర్చుంటుందనేది ఆ ఇంటికి అప్పుల్లో పడటమా, పడకపోవడమా అన్న సంగతి.

అసలు నాకు కడుపు రగిలింది ఆడపిల్ల అన్న మాటకు. ఐఐటీలు, ఎన్‌ఐటీల్లో అమ్మాయిలు తక్కువ ఉన్నారని 2018 నుంచి వాళ్ల కోసం అదనంగా సీట్లు పెట్టారు. వరంగల్ ఎన్‌ఐటీలో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. అంటే ఒక తెలంగాణ అమ్మాయికి జేఈఈ మెయిన్‌లో ఉన్న దారి చిన్నదేం కాదు. దేశం అంతా అమ్మాయిలు రండి అని పిలుస్తుంటే నల్గొండలో కూర్చున్న ఈయన వద్దు, దగ్గర్లో చదువుకో అంటున్నాడు. అదీ జేఈఈ చెప్తామని 15 వేలు తీసుకుని. దేశంలో మొదటి గురుకుల పాఠశాల 1971లో పెట్టింది మన ఉమ్మడి నల్గొండ జిల్లా సర్వేల్‌లోనే. పేదింటి పిల్లలకు మంచి చదువు చెప్పొచ్చని దేశానికి చూపించిన గడ్డ ఇది. ఇక్కడ పదిహేనేళ్ల అమ్మాయికి ఇంతే నీ హద్దు అని గీత గీస్తారా?

ఈ మాట మా ఇంట్లో కొత్తది కాదు. మా అక్క తొంభైల చివర్లో పదో తరగతిలో స్కూల్ ఫస్ట్. లెక్కల్లో నూటికి తొంభై పైన. ఎంపీసీ తీసుకుంటానని ఏడ్చింది. అప్పుడు ఊళ్లో అందరికీ సలహాలిచ్చే ఒక సారు మా నాయిన దగ్గరికి వచ్చి, "ఆడపిల్లకు ఎంపీసీ ఎందుకు, దగ్గర్లో సీఈసీ రాయించు, ఎట్లాగూ పెళ్లి చేసేదే కదా" అన్నాడు. సీఈసీ అంటే లెక్కలు లేని కామర్స్ గ్రూపు. సారు చెప్పాడంటే మా నాయినకు వేదం. సీఈసీలో చేర్పించారు, సెకండ్ ఇయర్ పరీక్షలు కాకముందే పెళ్లి చేశారు. ఇప్పుడు కూడా బత్తాయి కాంటా పెట్టినప్పుడు, దళారి తరుగు ఎంత తీశాడు, కమీషన్ ఎంత పట్టాడు, చేతికి ఎంత రావాలి, కాగితం లేకుండా నోటితో చెప్పేస్తుంది అక్క. దళారి కాలిక్యులేటర్ తీసే లోపు ఆమె లెక్క అయిపోతుంది. ఆ సారు ఇప్పటికీ పెళ్లిళ్లలో కనపడతాడు, ఆయన కొడుకులిద్దరూ అమెరికాలో ఉన్నారు, నమస్తే పెట్టాలంటే నాకు చేయి లేవదు. ఈ రోజు డీన్ నోట్లో నుంచి మళ్లీ ఆ మాటే వచ్చింది. మా అక్క మీటింగ్‌కి రాలేదు, అదొక్కటే మంచిదైంది.

ఇంటికి వచ్చాక ఫోన్‌లో అక్కకు డీన్ అన్నది అన్నట్టు చెప్పలేదు, సెక్షన్ మారింది అని మాత్రం చెప్పా. "పిల్ల ఏమంటుంది?" అని అడిగింది. పిల్ల నాతో ఒక్కటే అంది, "మామా, నాకు వన్ బీ అర్థం కావట్లేదు, అడిగితే ఆ సెక్షన్‌లో సార్ టైం లేదంటుండు." ఆ పిల్ల రఫ్ నోట్‌బుక్ చూశా. పెయిర్ ఆఫ్ స్ట్రెయిట్ లైన్స్ లెక్క ఒకటి మూడు పేజీల్లో మూడు రకాలుగా మొదలుపెట్టి, ప్రతిసారీ ఒకే దగ్గర ఆగిపోయింది, కొట్టేసి మళ్లీ మొదలుపెట్టింది. చదువు మీద ఇష్టం లేని పిల్ల ఇట్లా చేస్తుందా? ఆ ఆగిన దగ్గర ఒక్కరు ఐదు నిమిషాలు కూర్చుని చెప్తే అయిపోయే పని.

సోమవారం నేనూ బావా మళ్లీ పోతున్నాం. టెస్ట్ పేపర్లు చూపించమని, పిల్లను తిరిగి బ్యాచ్‌లో వేయమని, వేయకపోతే 15 వేలు వెనక్కి ఇవ్వమని కాగితం మీద రాసి ఇస్తాం, రసీదు తీసుకుంటాం, ఇంటర్మీడియట్ అధికారికి కూడా ఒక కాపీ పెడతాం. వాళ్ల పిల్లలనూ ఇట్లాగే చెప్పకుండా మార్చారని మీటింగ్‌లో ఇంకో నాలుగైదు కుటుంబాలు గుసగుసగా అన్నాయి. మీరు ఆ కుటుంబాల్లో ఉంటే పొద్దున పదింటికల్లా నా నెట్ సెంటర్ దగ్గరికి రండి, కలిసి పోదాం. ఒక్కరం పోతే కుర్చీ కూడా వేయరు.

ఇంకో మాట. ఆదివారాలు వన్ ఏ, వన్ బీ ఓపిగ్గా చెప్పే సారు గానీ మేడం గానీ రామగిరి, ప్రకాశం బజార్ వైపు ఎవరైనా ఉంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. రిటైర్ అయినవాళ్లయినా సరే. ఫీజు నేనిస్తా. పిల్లలు ఇద్దరు, మా మేనకోడలు, దాని రూమ్మేట్ దేవరకొండ అమ్మాయి. ఇద్దరినీ ఒకే రోజు మార్చారు.