ప్యానెల్ పోలేదు, పిన్ను వంగింది

షాపు షట్టర్ సగం దించి రాస్తున్నాను. మూడైంది, ఇంకా అన్నం తినలేదు. కోపం దిగితే తింటా.

పొద్దున మునుగోడు దిక్కు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, బిడ్డ పెళ్లి కార్డు ప్రూఫ్ చూసుకోవడానికి. ఫైల్ తెరిచాను. వినాయకుడి నుదుట బొట్టు నల్లగా ఉంది. చుట్టూ పసుపుపచ్చ బార్డర్ వేస్తే ఆకుపచ్చగా కనిపిస్తోంది. తెల్లగా ఉండాల్సిన చోటంతా మన ప్రింటింగ్ వాళ్లం సయాన్ అంటామే, ఆ నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు. "ఇదేంది బిడ్డా, శుభమా అని వస్తే కుంకుమ నల్లగ చేసినవ్?" అన్నాడు. మానిటర్‌లో ఎరుపు పోయింది, కార్డులో బాగానే ఉంటుంది అని చెప్తే వింటాడా? "మల్లొస్త" అని లేచాడు. మళ్లొస్తానన్న వాళ్లు ఎంతమంది వస్తారో ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

టెన్షన్‌లో మానిటర్‌ను దుప్పట్లో చుట్టి, కేబుల్ జేబులో కుక్కుకుని, స్కూటీ మీద సెంటర్లో ఒక షాపుకు తీసుకెళ్లాను. అక్కడి పిలగాడు నా కేబులే పెట్టాడు, చూశాడు, పీకాడు. అర నిమిషం. "ప్యానెల్ పోయిందన్నా." అంటే మానిటర్ తెరే పోయిందని.

"తమ్మీ, వేరే కేబుల్ పెట్టి చూడరాదు?"

"కేబుల్ పోతే బొమ్మే రాదన్నా. బాగు చేయాలంటే హైదరాబాద్ పంపాలె, పదిహేను రోజులైతది. ఎందుకన్నా లొల్లి, కొత్తది తీస్కపో. ఏడున్నర వేలు."

ఈ మాట అంటుండగానే ఇంకో చేత్తో కొత్త డబ్బా కిందికి దించుతున్నాడు. డాక్టర్ నాడి పట్టుకుంటూనే పాడె వాళ్లకు ఫోన్ చేసినట్టు.

నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అని పేరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి కలియదిప్పితే మడ్డి కిందికి దిగుతుంది, పైన నీళ్లు వంచుకోవాలి. మా ఊరి పేరుతో అంత తెలివైన పద్ధతి ఉంటే, మా ఊరి షాపుల టెక్నిక్ మాత్రం ఒక్కటే: ప్యానెల్ పోయింది. టీవీ అయితే బోర్డు పోయింది. బండి అయితే ఇంజన్‌కు వచ్చింది.

తిరిగొచ్చి నేనే కూర్చున్నాను. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపుకుంటే అందులో కుంకుమ ఎర్రగానే ఉంది. అంటే ఫైల్ది తప్పు కాదు, విండోస్‌దీ కాదు. మానిటర్ బటన్ నొక్కి మెనూ తెరిచాను. అందులో ఎరుపు గీత ఎర్రగా వెలుగుతోంది! ఆ మెనూ సీపీయూ నుంచి రాదు, మానిటర్ తనే వేసుకుంటుంది. మరి ప్యానెల్ పోతే ఈ ఎరుపు ఎవరి ఇంటి నుంచి వచ్చింది? ఆ పిలగాడు కూడా ఒక్క బటన్ నొక్కితే చాలు. కానీ బటన్ నొక్కితే ఏడున్నర వేలు రావు కదా.

కేబుల్ కొన చూశాను. ఇది వీజీఏ, కంప్యూటర్ నుంచి మానిటర్‌కు బొమ్మ మోసే కేబుల్, 1987లో ఐబీఎం కంపెనీ తెచ్చిన రకం. మూడు వరసల్లో పదిహేను పిన్నులు. మొదటిది ఎరుపు, రెండోది ఆకుపచ్చ, మూడోది నీలం, దేని తీగ దానిదే. అందుకే ఒక్క రంగు పోయి మిగతా బొమ్మ నిక్షేపంగా వస్తుంది. నీలం పోతే తెలుపంతా పసుపవుతుంది, ఆకుపచ్చ పోతే గులాబీ. "కేబుల్ పోతే బొమ్మే రాదు" అన్న మహానుభావుడికి ఇది ఎవరైనా చెప్పండి, నేను వెళ్తే కొట్లాట అవుతుంది. తొమ్మిదో పిన్ను లేదని భయపడకండి, చాలా కేబుళ్లలో కంపెనీయే పెట్టదు.

నా మొదటి పిన్ను పక్కకు పడుకుని ఉంది. నిన్న మా అల్లుడు ఫోన్ చార్జింగ్‌కని టేబుల్ జరిపాడు. కేబుల్ ఊడితే అడ్డంగా కుక్కాడు, స్క్రూలు కూడా బిగించలేదు. వాడి సంగతి ఇంట్లో చూసుకుంటా. లీడ్ తీసేసిన పెన్సిల్ కొన పిన్నుకు తొడిగి మెల్లగా నిలబెట్టాను. పెట్టగానే కుంకుమ వచ్చేసింది. ఖర్చు సున్నా. పెద్దాయనకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.

అసలు నాకు మండేది ఆ "హైదరాబాద్ పంపాలె" అన్న మాట. మోకాలు నొప్పా, హైదరాబాద్. చీరలా, హైదరాబాద్. పోయినేడు మా మేనమామ కొడుకు పెళ్లికి కార్డులు కూడా హైదరాబాదే! "నీ దగ్గర వెరైటీ ఉండదు కదరా" అన్నాడు మామ, నా షాపులో కూర్చుని, నా చాయ్ తాగుతూ. వెరైటీ వచ్చింది. పొద్దున 10 గంటల 24 నిమిషాల ముహూర్తాన్ని రాత్రి చేసి కొట్టారు. అప్పుడు గుర్తొచ్చాను నేను. నాలుగు వందల కార్డులకు 'ఉదయం' అని చిన్న స్టిక్కర్లు కొట్టి, కత్తిరించి, ఒంటిగంట దాకా ఒక్కణ్నే అతికించాను. రూపాయి తీసుకోలేదు.

పెళ్లిలో అత్తమ్మ పదిమందిలో అంటుంది, స్టిక్కర్లు వంకర పెట్టిండని.