వేలు తెగితే ఐసులో పెట్టొద్దు

కొబ్బరి బొండాలు కొట్టే కత్తికి నాలుగేళ్ల పిల్లాడి బొటనవేలు తెగిందనుకోండి. పిల్లాడిని ఎత్తుకుని పరుగెడతాం. ఆ కంగారులో వేలు గుర్తొస్తే, దాన్ని తీసి ఐసు ముక్కల మధ్య పెట్టేస్తాం. కొంప మునిగేది అక్కడే. ఐసు నేరుగా తగిలితే కణజాలం గడ్డకట్టి పాడవుతుంది. శుభ్రమైన నీళ్లతో కడిగి, తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి బిగించి, ఆ కవర్‌ను ఐసు నీళ్లలో ఉంచాలి. గాయం మీద పసుపు, కాఫీ పొడి వద్దు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోవాలి.

ఇలా చల్లగా ఉంచిన వేలు 12 గంటలు దాటినా అతుక్కునే అవకాశం ఉంటుంది. మోచెయ్యి దగ్గర తెగితే అంత టైం ఉండదు. కండ ఉన్న భాగానికి రక్తం అందకపోతే 6 గంటల్లోనే చచ్చుబడుతుంది. పాడేరు నుంచి విశాఖకు 100 కిలోమీటర్లకు పైనే, అదీ ఘాట్ రోడ్డు. రోడ్డెక్కడానికే డోలీ కావాల్సిన ఊళ్ల సంగతి వేరే చెప్పాలా?

తెగిన చెయ్యిని విజయవంతంగా అతికించిన తొలి ఆపరేషన్ 1962లో బోస్టన్‌లో జరిగింది. రోగి 12 ఏళ్ల కుర్రాడు. మూడేళ్లకు జపాన్ సర్జన్లు మైక్రోస్కోప్ కింద బొటనవేలు అతికించారు. పసిపిల్లల వేలిలో రక్తనాళం మిల్లీమీటరు కూడా ఉండదు. వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్టాలి. ఒక్క వేలికే గంటలు పడుతుంది. అయినా పిల్లల్లో నరాలు పెద్దల కన్నా బాగా కోలుకుంటాయి, ఎముకా పెరుగుతుంది. అందుకే పెద్దలకైతే వదిలేసే వేలిని కూడా పిల్లలకు అతికించి చూస్తారు.

ఉత్తరాంధ్ర మొత్తానికీ పెద్ద దిక్కు విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి). అక్కడ అర్ధరాత్రి కూడా మైక్రోసర్జరీ చేసే సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్ సిద్ధంగా ఉండాలని మేం కోరుతున్నాం. 108 వాహనంలో ఐసు డబ్బా, నాలుగు ప్లాస్టిక్ కవర్లు ఉంచడానికి కోట్లేమీ అక్కర్లేదు. మధ్యలో తగిలే ఆస్పత్రులు కుట్లేసి కాలం గడపకుండా ముందే ఫోన్ చేసి పంపాలి. కార్డులు, కాగితాలు తర్వాత చూసుకోవచ్చు. కవర్ మీద వేలు తెగిన టైం మాత్రం రాయాలి. సర్జన్ ముందు అడిగేది అదే.