అసలు సిసలు టేబుల్ క్లాత్ గారికి ఒక విన్నపం

మహారాజరాజశ్రీ 1530 నాటి యూరోపియన్ టేబుల్ క్లాత్ (నకలు) గారి సముఖానికి,

నమస్కరించి రాసుకునేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఇంకా మా కుట్టు ఫ్రేము మీద సగమే పుట్టి ఉన్నారు కాబట్టి తమ క్షేమం అడగడం లేదు. పూర్తయ్యాక తమరు మాతో మాట్లాడే స్థాయిలో ఉండరని అనుమానం. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

పాతకాలపు కుట్టుపనిని ఆనాటి సరుకులతోనే మళ్ళీ కుట్టి చూసే సరదా ఉన్న మేం తమ విషయంలో పెట్టుకున్న నియమం ఒక్కటే. తమ ఒంటి మీద ఉన్న ప్రతి పోగూ 1530లో ఒక ఆడమనిషి చేతికి అందగలిగినదై ఉండాలి. కాబట్టి మెరిసే కాటన్ దారం కనబడితే మొహం తిప్పేసుకుంటాం. ఇంగ్లండ్‌కు చెందిన జాన్ మెర్సర్ పత్తిని క్షారంలో ముంచే పద్ధతికి పేటెంట్ తీసుకున్నది 1850లో. దారాన్ని బిగలాగి ముంచితే పట్టులా మెరుస్తుందని తెలియడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. ఆ దారంతో కుట్టినవాళ్ళను మేం పల్లెత్తు మాట అనం. "బావుందండీ" అంటాం. ఆ "అండీ"లో ఏముందో వాళ్ళకు తెలుస్తుంది.

తమ మేనిఛాయ సంగతికి వద్దాం. తమరు అవిసె నార. అవిసె మొక్కను కొయ్యకూడదు, నార పొడుగు తగ్గకుండా వేళ్ళతో సహా పీకాలి. పీకి నీళ్ళలో కుళ్ళబెట్టాలి. ఆ వాసన గురించి ఇరుగుపొరుగు వాళ్ళు వేరే ఉత్తరం రాస్తారు. ఎండాక విరగ్గొట్టి, బాది, దువ్వి, తడిచేత్తో వడికి, నేస్తే అప్పుడు తమరు బూడిదా గోధుమా కాని ఒక రంగులో బయటికి వస్తారు. తెల్లబడాలంటే ఇంకో యజ్ఞం. హాలండ్‌లోని హార్లెమ్ ఈ పనికి పేరుపడ్డ ఊరు. బూడిద నీళ్ళలో నానబెట్టడం, పచ్చిక మీద పరిచి తడుపుతూ ఎండబెట్టడం, మజ్జిగలో ముంచడం, మళ్ళీ మొదటికి రావడం. ఇలా నెలల తరబడి సాగేది. ఫ్రాన్సిస్ హోమ్ అనే స్కాట్లండ్ వైద్యుడు మజ్జిగ బదులు పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడొచ్చని చెప్పింది 1756లో. క్లోరిన్‌తో తెల్లబరచవచ్చని బెర్తొలే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త చూపించింది 1785లో. అంటే దుకాణంలో దొరికే ఆ తెల్లటి తెలుపు తమకన్నా రెండున్నర శతాబ్దాలు చిన్నది. దానితో తమకు పొత్తు కుదరదు. అందుకని ఇంట్లో తాగాల్సిన మజ్జిగ తమరు తాగుతున్నారు.

ఆ కాలపు చేనేతలో పడుగూ పేకా లెక్క సరిపోవడం అరుదు. అంగుళానికి ఒక వైపు ఎక్కువ పోగులుంటే రెండో వైపు తక్కువ ఉండేవి. పోగులు లెక్కపెట్టి కుడితే గుండ్రటి పువ్వు కాస్తా కోడిగుడ్డయ్యేది. ఇప్పటి లినెన్‌ను రెండు వైపులా 28 పోగులని లేబుల్ మీద రాసి మరీ అమ్ముతున్నారు. పువ్వు గుండ్రంగా వచ్చేస్తోంది! ఇంత అవమానం పగవాళ్ళకు కూడా వద్దు. దాన్ని సాగదీయడం కోసం మళ్ళీ గ్రాఫ్ కాగితం మీద లెక్కలు వేస్తున్నాం.

ఎరుపు పట్టు దారం గురించి జరిగిన గొడవలో స్నేహాలు కూడా పోయాయి. మెక్సికో నుంచి వచ్చిన కోచినీల్ పురుగు ఎరుపు అందంగా ఉంటుంది, ఇప్పుడు తేలిగ్గా దొరుకుతుంది. కానీ స్పెయిన్ వాళ్ళు మెక్సికోను జయించిందే 1521లో. తొమ్మిదేళ్ళలో ఆ పురుగు సముద్రం దాటి, రంగులవాడి దగ్గరికి చేరి, అక్కడినుంచి తమ అంచు దాకా రాగలదా అన్నది ప్రశ్న. రాగలదని ఒక వర్గం, రాలేదని ఇంకో వర్గం. యూరప్ వాళ్ళు అంతకుముందు నుంచీ ఎరుపుకు వాడిన కెర్మెస్ పురుగు వాడదామంటే దాన్ని సంపాదించే దారి ఎవరికీ తెలీదు. చివరికి మంజిష్ఠకు దగ్గరి చుట్టమైన మ్యాడర్ వేరు దగ్గర రాజీ పడ్డాం. పట్టుకు రంగు పట్టాలంటే ముందు పటిక పట్టించాలి. ఇక్కడ పాపపుణ్యాలు కూడా ఉన్నాయి. 1461లో ఇటలీలోని తోల్ఫాలో పటిక గనులు దొరికాక, క్రైస్తవులు తురుష్కుల పటిక కొనకూడదని పోప్‌లు ఆజ్ఞాపించారు. మేం కొన్న పొట్లం మీద పటిక ఏ మతస్థుల గనిదో రాసి లేదు. తమరు దీన్ని కూడా మనసులో పెట్టుకుంటారేమో.

నలుపు కథ మాత్రం నాకు మహా ఇష్టం. మాచికాయ కషాయంలో ఇనుము కలిపితే పట్టుకు నిగనిగలాడే నలుపు వస్తుంది. ఆ ఇనుమే కాలం గడిచేకొద్దీ పట్టును తినేస్తుంది. ఆ కాలపు నల్లదారపు పనిలో చాలాచోట్ల ఇప్పుడు దారం లేదు, సూది గుచ్చిన బెజ్జాలు మిగిలాయి. మ్యూజియం ఫొటోను ఫోన్‌లో పెద్దది చేసుకుని ఆ బెజ్జాలనే లెక్కపెట్టి డిజైన్ రాసుకున్నాం. ఇప్పుడు తమకు అసలు నలుపు వేస్తే తమరు నిజాయితీగా పొడైపోతారు. నకిలీ నలుపు వేస్తే చిరంజీవులవుతారు. ఏది కావాలో తమరే సెలవివ్వండి. మా ఫ్రేము చుట్టూ కూర్చున్నవాళ్ళ అభిప్రాయం అడిగితే, తమరు అసలుగానూ ఉండాలి, పాడూ కాకూడదు.

కళ్ళజోడు జోలికి మాత్రం పోలేదు, పెట్టుకునే కుడుతున్నాం. అవి పదమూడో శతాబ్దం చివరికే ఇటలీలో ఉన్నాయి కాబట్టి చెల్లుతాయి. ఎల్‌ఈడీ దీపం గురించి ఎవరూ అడగలేదు, మేం చెప్పనూ లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1530లో పట్టణంలో కుట్టుపని చేసే ఆడమనిషి ఇదంతా చేసి ఉంటుందని తమరు నిజంగా నమ్ముతున్నారా? అవిసె పండించేది ఒకరు, వడికేది ఇంకొకరు, నేసేది మరొకరు. పచ్చిక మీద పరిచి తెల్లబరిచేవాళ్ళు వేరు, పట్టుకు రంగు వేసేవాళ్ళు వేరు. ఆవిడ డబ్బులిచ్చి బట్టా దారం కొనుక్కుని, వెలుతురు ఉండగా కుట్టుకుంది. కుట్టాల్సిన పువ్వుల్ని కూడా ఊహించి ఉండకపోవచ్చు. 1523లోనే జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కుట్టు నమూనాల పుస్తకం అచ్చయింది. అలాంటి పుస్తకాల్లో కాగితానికి బొమ్మ వెంబడి సూదితో బెజ్జాలు పెట్టి, పొడి చల్లి, బట్ట మీదికి దించుకునేవాళ్ళు. పుస్తకం చిరిగిపోయేది. ఎవరూ ఏడ్చినట్టు లేదు. సులువైన దారి కనబడితే ఆ దారినే పోయిన మనిషిని అనుకరించడానికి మేం అన్నిటికన్నా కష్టమైన దారి ఎంచుకున్నాం. పైగా దాన్ని ఆవిడ పద్ధతి అని ఆవిడకే అంటగడుతున్నాం.

ఇంత చేసి, చివరికి తమరికి పట్టబోయే యోగం ఏమిటో తెలుసా? ప్లాస్టిక్ షీట్. దుమ్ము పడకుండా ఒకటి, వేళ్ళు తగలకుండా ఇంకొకటి. అతిథులు రెండడుగుల దూరం నుంచి "అబ్బా" అంటారు. పొరపాటున ఎవరైనా కాఫీ కప్పుతో దగ్గరికొస్తే మాకు బీపీ పెరుగుతుంది. తమకోసం భోజనం ఇంకో గదిలోకి మారుతుంది. టేబుల్ క్లాత్ ఉంది గనక టేబుల్ మీద తినడానికి వీల్లేదన్నమాట.

తమ పుట్టిన ఏడాదే, అంటే 1530లోనే, పిల్లల నడవడిక గురించి ఎరాస్మస్ అనే డచ్ పండితుడు రాసిన చిన్న పుస్తకం వచ్చింది. జిడ్డు వేళ్ళు నాకడం, ఒంటిమీది బట్టలకు తుడుచుకోవడం మర్యాద కాదని ఆయన చెప్పాడు. మరి దేనికి తుడుచుకోవాలి? టేబుల్ క్లాత్‌కో చేతిగుడ్డకో అట. ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన అప్పటికి ఫోర్కుతో తినే అలవాటు లేదు, అందరూ వేళ్ళతోనే తినేవాళ్ళు. తమ వంశానికి ఉద్యోగమే అది. తినడం, తుడుచుకోవడం, బూడిద నీళ్ళలో ఉడకబెట్టి ఆరేయడం, మళ్ళీ పరవడం. నార ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. తమ ముత్తవ్వలు అలా బతికారు. చిరిగాక పాతగుడ్డలవాడికి పోయి, నానబెట్టి నలగ్గొడితే కాగితమయ్యారు. యూరప్‌లో అప్పటి కాగితం చిరుగు నారగుడ్డలతోనే తయారయ్యేది. ఆ కుట్టు నమూనాల పుస్తకం కూడా ఎవరి భోజనాల బల్ల మీదో పరిచిన పాత గుడ్డే అయి ఉండొచ్చు.

మ్యూజియంలో అద్దం వెనక ఉన్న తమ బంధువులు మిగిలిందెందుకంటారా? చాలామట్టుకు ఎక్కువగా వాడలేదు కాబట్టి. చర్చి పీఠం మీద పరిచినవో, పెట్టె అడుగున దాచినవో బతికాయి. రోజూ అన్నం పెట్టినవి పోయాయి. మేమేమో ఆ పెట్టెలో పడున్న వాటిని చూసి, ఆ కాలంలో ఇళ్ళన్నీ ఇలాగే ఉండేవని తీర్మానించేసుకున్నాం. డబ్బున్న ఇళ్ళలో గొప్ప బల్లమీద పరిచింది చాలాసార్లు కుట్టుపని కూడా కాదు, నేతలోనే పువ్వులు తేల్చిన తెల్లటి డమాస్క్. ఈ మాట ఫ్రేము దగ్గర అనకండి, ఇప్పటికే మూడు వైపుల అంచు కుట్టేశాం.

కాబట్టి విన్నపం ఏమనగా, తమ నాలుగో అంచు పూర్తయిన వారం భోజనానికి పదిమందిని పిలుస్తున్నాం. ప్లాస్టిక్ షీట్లు రెండూ తీసేస్తాం. నలుపు మాచికాయదే వేస్తున్నాం, దానికి ఎన్నాళ్ళు రాసిపెట్టి ఉంటే అన్నాళ్ళు ఉంటుంది. వంటలో నూనె బాగానే ఉంటుంది. ఫోర్కులు పెట్టడం లేదు. చేతిగుడ్డలు కూడా.

ఇట్లు,
తమ సూదీ దారం మోస్తున్న విధేయురాలు

తా.క. మజ్జిగ మిగిలితే ఆ రోజు మేం తాగుతాం.