పోరులో ఎవరి ఆజ్ఞ చెల్లాలి? ఫ్రెంచి కులీన సేనానులను వదలని చిక్కు

1672లో డచ్చివారి మీద యుద్ధానికి దిగుతూ ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. మార్షల్ అంటే ఫ్రెంచి సైన్యంలో అత్యున్నత హోదా; మిగతా మార్షళ్లు పేరుమోసిన సేనాని తురెన్ ఆజ్ఞలకు లోబడాలన్నది దాని సారం. బెల్‌ఫాన్, క్రెకీ, హ్యుమియేర్ అనే ముగ్గురు మార్షళ్లు ఒప్పుకోలేదు. ఒక మార్షల్ మరో మార్షల్ కింద పనిచేయడమన్నది తమ హోదాకే అవమానమన్నారు. రాజు ముగ్గురినీ కొలువు నుంచి తప్పించి సొంత ఎస్టేట్లకు పంపేశాడు. యుద్ధం మొదలవుతుండగా ముగ్గురు పెద్ద సేనానులు ఇంటిదారి పట్టారు.

వీళ్లు పిరికివాళ్లు కారు, పని తెలియనివాళ్లూ కారు. ఆ కాలపు ఫ్రాన్సుకు ధైర్యవంతులైన కులీనుల కొరత ఏనాడూ లేదు. ఎవరి మాట ఎవరు వినాలన్నది తేలకపోవడమే పదేపదే దాని కొంప ముంచింది. దీన్ని పెద్దింటివాళ్ల అహంకారంగా కొట్టిపారేస్తే సగమే అర్థమవుతుంది. మిగతా సగం డబ్బు లెక్కల్లో ఉంది.

అప్పటి ఫ్రెంచి పటాలం అంటే దాదాపు ఒక ఆస్తి. కల్నల్, కెప్టెన్ పదవులను డబ్బు పెట్టి కొనుక్కునేవారు. సుమారు 50 మంది ఉండే కాల్బలపు కంపెనీని నింపడం, పారిపోయినవాళ్ల బదులు కొత్తవాళ్లను తేవడం, బట్టలూ ఆయుధాలూ సరిచూసుకోవడం కెప్టెన్ బాధ్యత. ఖజానా ఇచ్చేది చాలకపోతే, లేదా ఆలస్యమైతే, తేడా అతని జేబులోంచే పోవాలి. అందుకోసం పొలాలు తాకట్టుపడేవి, భార్య తెచ్చిన కట్నం కరిగిపోయేది. తొమ్మిదేళ్ల యుద్ధంలో (1688-97) ఫ్రెంచి సైన్యం కాగితం మీద 4 లక్షలు, వాస్తవంగా 3.4 లక్షల దాకా ఉండేదని చరిత్రకారుల అంచనా. అంత సైన్యాన్ని ఖజానా ఒక్కటే మోయలేదు. కులీన కుటుంబాల అప్పు పుట్టించే శక్తి కూడా దానికి దన్నుగా నిలిచింది. తన సొమ్ము, తన వంశం పరపతి పణంగా పెట్టినవాడు తనకన్నా తక్కువ ఇంటివాడి ఆజ్ఞ వినమంటే ఎందుకు మండిపడతాడో ఇక్కడ తెలుస్తుంది.

ఈ ఏర్పాటులో మోసం ఎక్కడ పుడుతుందో యుద్ధమంత్రి లువ్వాకు బాగా తెలుసు. సైనికులను తలలు లెక్కబెట్టి జీతం ఇస్తారు కాబట్టి, 40 మందే ఉన్న కెప్టెన్ హాజరు రోజున పది మంది నౌకర్లనో పక్క ఊరి కూలీలనో వరసలో నిలబెట్టి 50 మంది జీతం పట్టేవాడు. ఆ దొంగ సైనికులకు కొరడా దెబ్బల నుంచి ముక్కు కోయడం దాకా శిక్షలు పెట్టారు. శిక్షలకన్నా బాగా పనిచేసినవి లువ్వా తెచ్చిన మరో రెండు మార్పులని నా అభిప్రాయం. మొదటిది, కెప్టెన్ల చేతిలో లేని తనిఖీ అధికారులు. రెండోది బ్రిగేడియర్ హోదా. పటాలంలో మేజర్, లెఫ్టినెంట్ కల్నల్ పదవులు అమ్మకానికి ఉండేవి కావు. పటాలం కొనే స్తోమత లేని అనుభవజ్ఞులు అక్కడే ఆగిపోయేవారు. 1667-68లో బ్రిగేడియర్ హోదా పుట్టాక వాళ్లు కల్నల్ పదవి కొనకుండానే జనరల్ స్థాయికి చేరే దారి పడింది.

1689లో ఆస్థానంలో లువ్వా నొగారే అనే కులీనుణ్ణి అందరి ముందూ నిలదీసిన సంగతిని మదాం ద సెవిన్యే ఒక ఉత్తరంలో రాసింది. మీ కంపెనీ అధ్వానంగా ఉందని మంత్రి అంటే, నాకు తెలియదన్నాడు నొగారే. తెలిసి ఉండాల్సింది, కొలువులో తిరిగేవాడిగా ఉంటారో, అధికారిగా మీ పని చేస్తారో తేల్చుకోమన్నాడు లువ్వా. న్యాయాధికారుల వంశం నుంచి వచ్చిన మంత్రి ఖడ్గధారుల వంశస్థుణ్ణి అలా అడగగలగడమే ఆ తరంలో వచ్చిన మార్పు.

అంతకు ముందు తరంలో అది ఊహకందని మాట. తురెన్ తండ్రి సెడాన్‌కు సర్వాధికారి అయిన ప్రభువు, తల్లి ఆరెంజ్ విలియం కూతురు. మరో పెద్ద సేనాని కోందే రాజుకు రక్తబంధువు, 21 ఏళ్లకే రోక్రువాలో (1643) స్పెయిన్ సైన్యాన్ని చిత్తు చేశాడు. రాజప్రభుత్వం మీద కులీనులు లేచిన ఫ్రోంద్ తిరుగుబాటు (1648-53) కాలంలో ఇద్దరూ వేర్వేరు సమయాల్లో రాజు మీదే కత్తి దూశారు. తురెన్ 1650లో రెతెల్ దగ్గర రాజసైన్యం చేతిలో ఓడి మరుసటి ఏడాది రాజు పక్షానికి తిరిగి వచ్చాడు. కోందే 1659 దాకా స్పెయిన్ కొలువులోనే ఉన్నాడు. 1658లో డంకర్క్ దగ్గరి ఇసుక దిబ్బల పోరులో పాత సహచరులిద్దరూ ఎదురెదురుగా నిలిచారు, తురెన్ గెలిచాడు. ఇలాంటివాళ్లను రాజు క్షమించి మళ్లీ దండు అప్పగించాడంటే దయ ఒక్కటే కారణం కాదు. వాళ్ల వెంట నడిచే అధికారులూ ఆశ్రితులూ కూడా రాజుకు అవసరమే.

తురెన్ 1675 జులై 27న సాస్‌బాక్ దగ్గర ఫిరంగి గుండుకు చనిపోయాడు. మూడు రోజుల్లో రాజు ఒకేసారి 8 మంది మార్షళ్లను చేశాడు. ఒకే రోజు పదవి పొందిన వీళ్లలో పెద్ద ఎవరు? జవాబుగా సీనియారిటీ పట్టిక వచ్చింది. మార్షళ్లు కలిసినప్పుడు సీనియరే ఆజ్ఞాపిస్తాడు, ఒకే రోజు మార్షల్ అయినవాళ్ల మధ్య లెఫ్టినెంట్ జనరల్‌గా ఎవరు ముందన్నది చూస్తారు. వంశం కాకుండా తేదీ మాట్లాడుతుంది. అంతకు ముందు సమాన హోదా ఉన్నవాళ్లు వంతులవారీగా ఆజ్ఞాపించే పద్ధతి కూడా ఉండేది. ఈరోజు మొదలైన ఎత్తుగడ రేపు మారిపోయే పద్ధతది. పట్టిక దాన్ని చాలావరకు ఆపింది.

అయితే పట్టికకు ఒక కంత ఉంది: రాజరక్తం దాని పరిధిలోకి రాదు. ఇంగ్లీషు, డచ్చి, ఆస్ట్రియా కూటమితో సాగిన స్పెయిన్ వారసత్వ యుద్ధంలో, 1708 జులై 11న ఔడెనార్డ్‌లో అదే జరిగింది. వాండోమ్ నాలుగో హెన్రీ అక్రమ సంతానపు శాఖకు చెందినవాడు, అనుభవం పండినవాడు. అతని పైన పేరుకు అధిపతి రాజు మనవడు బర్గండీ ద్యూక్. వాండోమ్ కుడివైపు ప్రాణాలొడ్డి పోరాడుతుంటే బర్గండీ దగ్గరున్న ఎడమ పక్షం దాదాపు కదలకుండా నిలబడిపోయింది, ఫ్రెంచివారు ఓడారు. తర్వాత మరో సైన్యంతో వచ్చిన మార్షల్ బెర్విక్, వాండోమ్ కింద పనిచేయడం ఇష్టంలేక, బర్గండీకి సలహాదారుగా ఉండిపోయాడు. వీళ్లు ఎటూ తేల్చుకోలేకపోతుండగా లీల్ కోట ముట్టడిలో చిక్కింది. మార్షల్ బుఫ్లేర్ ఎంత మొండిగా కాపాడినా డిసెంబరులో అది శత్రువు పాలైంది.

ఆ బుఫ్లేరే మరుసటి ఏడాది చేసిన పనికి ఈ చరిత్ర మొత్తంలో నేను అన్నిటికన్నా విలువిస్తాను. అతను 1693లో మార్షల్ అయ్యాడు, ఆ ఏడాది సైన్యానికి అధిపతి అయిన విల్లార్ 1702లో. పట్టిక ప్రకారం ఆజ్ఞ బుఫ్లేర్‌దే. కానీ సైన్యానికి ఏదైనా జరిగితే ఆదుకోవడానికి వచ్చానంటూ తనకన్నా జూనియర్ కింద తనంతట తానే చేరాడు. 1709 సెప్టెంబరు 11న మాల్‌ప్లాకే పోరులో విల్లార్ మోకాలికి గుండు తగిలి పడిపోతే బుఫ్లేర్ పగ్గాలు అందుకుని సైన్యాన్ని చెదరకుండా వెనక్కి తెచ్చాడు. మైదానం వదిలింది ఫ్రెంచివారే, కానీ ఎదుటి పక్షం నష్టం వాళ్ల నష్టానికి రెట్టింపు దాకా ఉంది. ఆ సైన్యం బతికింది కాబట్టే 1712లో విల్లార్ దెనేన్‌లో గెలవగలిగాడు.

బుఫ్లేర్ లాంటివాడు ప్రతిసారీ దొరకడు. ఏడేళ్ల యుద్ధంలో, 1761 జులైలో జర్మనీలోని వెల్లింగ్‌హౌజెన్ దగ్గర సుమారు 90 వేల ఫ్రెంచి బలం ఇద్దరు మార్షళ్ల మధ్య చీలి ఉంది. పట్టిక లెక్కన రోహాన్ వంశపు సూబీజ్ పెద్ద, గెలుపుల లెక్కన బ్రోయ్. 15వ తేదీ సాయంత్రం బ్రోయ్ దాడికి దిగాడు. ఒప్పందం మర్నాటికి కదా అంటూ సూబీజ్ గట్టిగా కలిసిరాలేదు. తక్కువ బలమున్న శత్రు సేనాని బ్రన్స్‌విక్ ఫెర్డినాండ్ ఇద్దరినీ వెనక్కి పంపాడు. 1757లో రాస్‌బాక్‌లో ఘోరంగా ఓడిన సూబీజ్ పదవి నిలిచింది, బ్రోయ్‌ను మరుసటి ఏడాది ఎస్టేటుకు పంపేశారు. కొలువులో రాజు ప్రియురాలు మదాం ద పాంపదూర్ అండ సూబీజ్‌కు ఉందన్నది అందరికీ తెలిసిందే.

ఇదే జబ్బు అంతకు మూడేళ్ల ముందు తెలుగు తీరాన్నీ తాకింది. 1753లో నిజాం సలాబత్ జంగ్ కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను ఫ్రెంచి ఫౌజు జీతాల కింద దాని నాయకుడు బుస్సీకి రాసిచ్చాడు. అక్కడ పటాలం ఖర్చును కులీనుల అప్పులు భరిస్తే, ఇక్కడ తెలుగు రైతు శిస్తు భరించింది. 1758లో, ఫ్రాన్సు నుంచి కొత్తగా వచ్చిన ఫ్రెంచి సర్వసేనాని లాలీ బుస్సీని హైదరాబాదు నుంచి వెనక్కి రప్పించాడు. బుస్సీ హోదా లెఫ్టినెంట్ కల్నలే, లాలీ వెంట ఫ్రాన్సు నుంచి వచ్చిన పెద్దింటి కల్నల్లు అతనికి పైవాళ్లు. విశేషమేమంటే వాళ్లలో ఆరుగురు, దెస్తాంగ్‌తో సహా, బుస్సీని తమ పైన పెట్టమని సంతకాలు చేసి అడిగారు. మన పాఠాల్లో ఫ్రెంచి ఓటమిని లాలీ కోపం మీదికి నెట్టేస్తారు గానీ, హోదాను పక్కనపెట్టడానికి కులీనులే ముందుకొచ్చిన ఈ సంగతి కనిపించదు. బుస్సీ అనుభవాన్ని లాలీ వాడుకోలేదు. సర్కార్లు మరో ఫ్రెంచి అధికారి కాన్‌ఫ్లాన్స్ చేతికి వెళ్లాయి. అతను 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ చేతిలో ఓడాడు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటనూ పోగొట్టుకున్నాడు. మే నెలలో సలాబత్ జంగ్ ఆ కోటనూ చుట్టుపక్కల ప్రాంతాన్నీ ఇంగ్లీషువారికి రాసిచ్చి, ఫ్రెంచివారిని తన రాజ్యంలో ఉండనివ్వనని ఒప్పందం చేసుకున్నాడు.