వెంపలి చల్లి వదిలేస్తే బీడు బాగుపడదు

“తొలకరికి ముందు బీడులో వెంపలి గింజలు చల్లి వదిలేయండి. చౌడైనా సరే, ఏడాదిలో సాగుకొస్తుంది. పశువులు ముట్టవు, కంచె అక్కర్లేదు. యూరియాతో పనే ఉండదు.” ఈ సందేశం చాలామందికి చేరింది. వెంపలి మన నేల మొక్క, నేలకు పచ్చిరొట్ట ఎరువుగా వాడే పప్పుజాతి మొక్క. గరప, ఇసుక నేలలకు నిజంగా మేలు చేస్తుంది. అలాంటి మొక్కను తప్పుగా వాడి, పనికిరాదని ముద్ర వేయడమే బాధ కలిగిస్తుంది.

చల్లి వదిలేస్తే అసలు మొలకే సరిగా రాదు. గింజ పైపొర గట్టిది, నీటిని లోపలికి పోనివ్వదు. గరుకు ఇసుకతో కలిపి, మెరుపు పోయేదాకా రుద్దాలి. లేదంటే 55 డిగ్రీల వేడినీటిలో 2, 3 నిమిషాలు ఉంచి తీయాలి. తర్వాత గుప్పెడు గింజలు రాత్రంతా నానబెట్టి చూడండి. ఉబ్బినవాటిలోకి నీరు దిగినట్టు. చిన్నగా, గట్టిగా మిగిలినవే ఎక్కువైతే మళ్లీ రుద్దాల్సిందే. ఎకరాకు 8 నుంచి 10 కిలోలు చాలు. వాలు నేలలో వెదజల్లిన గింజ గట్టి వానకు కొట్టుకుపోతుంది. వాలుకు అడ్డంగా చిన్న సాళ్లు తీసి, పైపైనే వేసి, పలుచగా మట్టి కప్పాలి.

ఇక చౌడు. కారు చౌడులో పీహెచ్ (క్షారగుణాన్ని చెప్పే కొలత) 8.5 దాటి, సోడియం మట్టి రేణువులను పట్టుకుని ఉంటుంది. దాన్ని కాల్షియం తోసేయాలి, మంచి నీరు కిందికి కడిగేయాలి. మట్టి పరీక్షను బట్టి, ఆ కాల్షియాన్నిచ్చే జిప్సం వేయకుండా, మురుగు కాలువ తీయకుండా వెంపలి ఒక్కటే ఏడాదిలో ఆ పని చేయలేదు. పైగా నీరు నిలిస్తే ఓర్చుకోదు. అక్కడ మరో పచ్చిరొట్ట పైరు జీలుగ నయం.

పశువులు పెద్దగా మేయవన్నది నిజమే. కానీ తొలినాళ్లలో ఎదుగుదల నిదానం, మొలకలు డెక్కల కింద నలిగిపోతాయి. మొదటి వానాకాలమంతా మందను దూరంగా ఉంచాలి.

యూరియా ఇచ్చేది నత్రజని. అది అక్కర్లేదా అన్న సంగతి వేరుబుడిపెలు, అంటే బ్యాక్టీరియా ఉండే వేళ్ల మీది చిన్న గడ్డలు చెబుతాయి. పూతకు ముందు ఒక మొక్కను తడి మట్టితో సహా తవ్వి తీసి, బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగుంటే నత్రజని స్థిరీకరణ, అంటే గాలిలోని నత్రజనిని మొక్క వాడుకునేలా మార్చడం, జరుగుతోంది. తెల్లగానో బూడిదగానో ఉంటే జరగడం లేదు. భాస్వరం లోటు, సరైన బ్యాక్టీరియా లేకపోవడం ఇందుకు కారణాలు కావచ్చు. పచ్చిరొట్టగా వాడితే పూత దశలోనే మట్టిలో కలియదున్నాలి. కాడ కర్రబారాక దున్నితే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనినే కొంతకాలం లాగేసుకుంటాయి, పైరు పసుపుబారుతుంది.

వానకు మట్టి కోతపడిన వాలులో మాత్రం అసలు దున్నవద్దు. వేళ్లు కదపకుండా కొమ్మలు కోసి అక్కడే పరచండి. కొన్ని మొక్కలను కాయ ఎండేదాకా ఉంచితే, రాలిన గింజ తర్వాతి వానలకు ఖాళీలు పూడుస్తుంది.